డప్పుని హౌస్ బీట్ మీద పెడితే ప్రాణం ఎందుకు పోతోంది?

బేస్_బాబి
ఈ మధ్య వరసగా వింటున్నా, అందుకే అడుగుతున్నా. ఎక్కడో దొరికిన డప్పు లూప్ (తిప్పి తిప్పి వాయించే చిన్న ముక్క) తీసుకోవడం, కింద హౌస్ అనే క్లబ్ సంగీతపు కిక్, అంటే మెషీన్ కొట్టే బరువైన దెబ్బ పెట్టడం, పైన సింథ్ పరచడం, దానికి ఫ్యూజన్ అని పేరు పెట్టడం. హైదరాబాద్, బెంగళూరు క్లబ్బుల్లో ఇలాంటివి బాగా పడుతున్నాయి. నేనూ వీకెండ్స్‌లో డీజేగా చేస్తా. ఊళ్లో డప్పు మోగితే కర్ర పట్టుకుని నడిచే ముసలాయన కూడా ఆగి భుజాలు ఊపుతాడు. అదే శబ్దం క్లబ్‌లో లక్షల ఖరీదు చేసే స్పీకర్ల మీద వస్తుంటే జనం ఫోన్లు తీసి చూసుకుంటున్నారు. ఈక్యూ మార్చా, కంప్రెషన్ తగ్గించా, కిక్‌ని డప్పు శ్రుతికి దగ్గరగా ట్యూన్ చేశా. అయినా ఏదో పోతోంది, ఏంటో దొరకట్లేదు. వచ్చే నెల సిద్దిపేట వైపు ఒక డప్పు బృందాన్ని రికార్డ్ చేయాలని ఉంది. ఈలోపు ఇక్కడ వాయించేవాళ్లు, మిక్స్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బయటి దేశాల్లో ఈ కలపడం ఎవరు బాగా చేశారో కూడా తెలుసుకోవాలని ఉంది.

గోడమీద_పిల్లి
పోతోంది పొగ అన్నా. మంట దగ్గర కాపని డప్పు ఎట్లుంటదో శాంపిల్ ప్యాక్, అదే ముందే రికార్డ్ చేసి పెట్టిన శబ్దాల మూట, అట్లనే ఉంటది.

సిర్ర_చిటికెన
పిల్లి సరదాకి అన్నా అసలు సంగతి అక్కడే ఉంది. మా తాత, మా నాన్న వాయించారు, నేనూ వాయిస్తాను. చెక్క చట్రానికి మేక తోలు బిగించి కడతారు. వాయించే ముందు గడ్డి మంట వేసి కాపుతారు. తోలు బిగుసుకుని ఖంగుమంటుంది. కొంతసేపు వాయించాక చల్లబడి గొంతు దిగిపోతుంది, మళ్లీ కాపాలి. వానాకాలమైతే ఇంకా తొందరగా దిగుతుంది. మీ ప్యాక్‌లో ఉన్న దెబ్బ ఏ వేడి మీద తీశారో ఎవరికీ తెలీదు. చల్లారిన డప్పుని కంప్యూటర్‌లో పిచ్ పెంచినంత మాత్రాన కాపిన డప్పు అయిపోదు.

ఇంకోటి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల ఉంటాయి. సిర్ర పొట్టిగా లావుగా ఉంటుంది, పెద్ద దెబ్బ దానిది. చిటికెన సన్నగా పొడుగ్గా ఉండి అంచు దగ్గర ఆగకుండా చిటచిటలాడుతూనే ఉంటుంది. కాళ్లని కదిలించేది చిటికెనే. నేను విన్న క్లబ్ ట్రాకుల్లో సిర్ర ఒక్కటే వినపడుతుంది, చిటికెన మీ హైహ్యాట్ (డ్రమ్స్‌లో తాళాల చప్పుడు) కింద పడి నలిగిపోయింది. అంటే సగం డప్పే వాడుతున్నారు.

పైగా ఇది ఒక్కడు వాయించేది కాదు. ఆరుగురో ఎనిమిది మందో నిలబడతారు. ముందున్న మనిషి దరువు మారిస్తే మిగతావాళ్లు ఒకటి రెండు దెబ్బల్లో అందుకుంటారు. అందుకునేలోపు ఒక క్షణం కలగాపులగంగా ఉంటుంది చూడండి, చుట్టూ ఉన్నవాళ్లు ఊగిపోయేది అప్పుడే. రెండు బార్ల లూప్‌లో దరువు మారదు.

మిక్స్_మాధవి
స్టూడియో వైపు నుంచి. సిర్ర గారు చెప్పినవన్నీ స్క్రీన్ మీద కళ్లకి కనపడతాయి. హౌస్ సాధారణంగా నిమిషానికి 120 నుంచి 128 బీట్ల మధ్య ఉంటుంది, మొదలైన వేగంలోనే పూర్తవుతుంది. డప్పు బృందం నెమ్మదిగా మొదలుపెట్టి ఎక్కిస్తూ పోతుంది. దాన్ని వార్ప్ చేసి, అంటే కంప్యూటర్‌లో సాగదీసి, 124కి కట్టేస్తే ఆ ఎక్కడమే మాయమవుతుంది.

పెద్ద దెబ్బ పడేది నడక దగ్గర. డప్పులో ఎక్కువగా వినేది తిశ్ర నడక, ఒక్కో బీట్‌లో మూడు భాగాలు. హౌస్ గ్రిడ్ ఒక్కో బీట్‌ని నాలుగు చేస్తుంది. క్వాంటైజ్ బటన్ నొక్కగానే మధ్య దెబ్బలు పక్కనున్న గీతకి అతుక్కుంటాయి. అప్పుడది తిశ్రమూ కాదు, చతురస్రమూ కాదు. వినేవాళ్లకి కారణం తెలియకపోవచ్చు, ఒంటికి మాత్రం తెలిసిపోతుంది.

నేనైతే ఇలా చేస్తా. క్వాంటైజ్ జోలికి పోను. వాయించినవాళ్ల వేగం నుంచే టెంపో మ్యాప్ (వేగం ఎక్కడెక్కడ మారిందో చూపే లెక్క) తీసి, మెషీన్‌ని దాని వెంట నడిపిస్తా. సిర్ర పడే చోట కిక్ తీసేస్తా. హైహ్యాట్ పూర్తిగా తీసేస్తా, ఆ పని చిటికెన చేస్తోంది కాబట్టి. బేస్ ఒక్కటే మోనోలో ఉంచి డప్పులన్నిటినీ ఎడమ నుంచి కుడి దాకా పరుస్తా.

బేస్_బాబి
మాధవి గారూ, హైహ్యాట్ తీసేసి ఇప్పుడే విన్నా. తేడా బాగా తెలుస్తోంది. కానీ టెంపో మారుతూ పోతే తర్వాతి ట్రాక్‌లోకి వెళ్లడం ఎలా? డీజేలెవరూ ముట్టుకోరు.

మిక్స్_మాధవి
మొదటి 32 బీట్లు, చివరి 32 బీట్లు ఒకే వేగంలో మెషీన్ మీద ఇవ్వండి. మధ్యలో బృందాన్ని వదిలేయండి. చివర్లో వాళ్లు ఎక్కడికి చేరితే ఆ వేగంలో బయటికి రండి. 120లో లోపలికెళ్లి 132లో బయటికొచ్చిన ట్రాక్ డీజేకి చాలా పనికొస్తుంది.

రీవైండ్_రాజు
నాకిక్కడ కొంచెం అభ్యంతరం ఉంది. చిటికెన, వేడి, తిశ్రం అన్నీ సరే. కానీ చివరికి డప్పుని గుడిలో పెట్టి తాళం వేస్తున్నట్టుంది. క్లబ్ సంగీతం పుట్టిందే ఉన్నదాన్ని కోసి అతికించడంలోంచి. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్‌లో 1977 నుంచి ఫ్రాంకీ నకల్స్ డిస్కో రికార్డుల్ని టేపు మీద కోసి, సాగదీసి, తర్వాత కింద డ్రమ్ మెషీన్ కూడా పెట్టాడు. అక్కడికొచ్చినవాళ్లు ఎక్కువగా నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు, బయట ఎక్కడా చోటు లేనివాళ్లు. ముందుగా అనుమతి పత్రాలు రాసుకుని కూర్చుంటే హౌస్ అనేదే పుట్టేది కాదు. డప్పు అసలు రూపంలో కావాలంటే ఊళ్లో ఉంది, వెళ్లి వినండి. క్లబ్‌లో అది వేరేది అవ్వాలి. క్వాంటైజ్ చేసి, ముక్కలు చేసి, వెనక్కి తిప్పి కొత్త శబ్దం పుట్టిస్తే తప్పేముంది?

కోఠి_క్యాసెట్లు
రాజుకి ఒక మంచి ఉదాహరణ నేనిస్తా. చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా పాటలకి వాయించిన సెషన్ మ్యుజీషియన్. 1982లో రోలండ్ కంపెనీ టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథ్ పెట్టుకుని పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించాడు. గ్రామఫోన్ కంపెనీ రికార్డ్ వేసింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ విడుదలైనప్పుడు యూరప్ వాళ్లు నోరెళ్లబెట్టారు. ఎందుకంటే షికాగోలో అదే 303తో యాసిడ్ హౌస్ వచ్చింది 1987లో. ఈయన దాని గురించి విని చేసింది కాదు, వాళ్లు ఈయన్ని విని చేసిందీ కాదు. 303లో స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉంటుంది. రాగంలో మీండ్, అంటే అలాంటి జారుడే, అలవాటైన చెయ్యి దాన్ని వెంటనే పట్టుకుంది.

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, ఆయన శాంపిల్ చేయలేదు. రాగం తెలిసిన మనిషే యంత్రం ముందు కూర్చున్నాడు. 2015లో ముంబైలో చనిపోయాడు. చివరి కొన్నేళ్లు విదేశీ వేదికల మీద వాయించే అవకాశమైనా దక్కింది.

గోడమీద_పిల్లి
ఆ 303 అప్పట్లో అమ్ముడుపోక చవగ్గా వదిలించుకున్నారంట. ఇప్పుడు దాని రేటు చూస్తే సిద్దిపేటలో ప్లాట్ కొనుక్కోవచ్చనిపిస్తది.

లీసెస్టర్_లక్ష్మి
కోఠి గారు చివర్లో అన్నది నాకు బాగా నచ్చింది. ఇక్కడి సంగతి చెప్తా, పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే.

1980ల్లో ఇంగ్లండ్‌లో పంజాబీ, గుజరాతీ పిల్లలకి రాత్రి క్లబ్బులకి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కాదు, ఆడపిల్లలకైతే అసలే కుదరదు. అందుకని మధ్యాహ్నం పూట హాళ్లలో భాంగ్రా డాన్స్‌లు పెట్టేవాళ్లు. డేటైమర్స్ అనేవాళ్లు వాటిని. స్కూలు బ్యాగులో వేరే డ్రెస్సు పెట్టుకొచ్చి, మార్చుకుని, డాన్స్ చేసి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు. మా వీధిలో ఒక పంజాబీ ఆవిడ ఆ రోజుల గురించి ఎన్నిసార్లు చెప్పినా కళ్లు వెలిగిపోతాయి. డోలు, ఒంటి తీగ తుంబీ, వాటి పక్కనే కీబోర్డ్, డ్రమ్ మెషీన్. ఎవరో బయటివాళ్లు వచ్చి కలిపింది కాదు, ఆ పిల్లల బతుకులోనే రెండూ ఉన్నాయి.

తర్వాత 1995లో లండన్ హాక్స్‌టన్ స్క్వేర్‌లో బ్లూ నోట్ క్లబ్‌లో తల్వీన్ సింగ్, స్వీటీ కపూర్ కలిసి అనోఖా అనే నైట్ మొదలుపెట్టారు, సోమవారాలు జరిగేది. డ్రమ్ అండ్ బేస్ అనే క్లబ్ సంగీతం 160, 170 బీట్ల మీద పరిగెడుతుంటే తల్వీన్ దాని మీద తబలా స్వయంగా వాయించేవాడు. తూర్పు లండన్‌లో పుట్టి, కుర్రాడిగా పంజాబ్ వెళ్లి గురువు దగ్గర నేర్చుకొచ్చిన మనిషి. 1999లో ఆయన ఆల్బమ్‌కి ఇక్కడి పెద్ద సంగీత బహుమతి మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. బాబీ, నువ్వు అడిగిన "ఎవరు బాగా చేశారు" అన్నదానికి నా జవాబు ఇది. డ్రమ్ అండ్ బేస్ వేగం తబలాకి సరిపోయింది, ఎందుకంటే ద్రుత లయలో తబలా ఎలాగూ అక్కడే ఉంటుంది. హౌస్ కిక్ కింద డప్పుని ఇరికించే ముందు, డప్పు వేగానికి దగ్గరగా ఉండే క్లబ్ సంగీతం ఏదో వెతుక్కో.

బేస్_బాబి
అక్కా, ఇది నేనస్సలు ఆలోచించలేదు. అందరూ హౌసే వాయిస్తారు కాబట్టి అక్కడే మొదలుపెట్టా. మరి తిశ్రానికి దగ్గరగా ఏముంది?

మిక్స్_మాధవి
ట్రిప్లెట్ మీద, అంటే బీట్‌కి మూడు దెబ్బలతో నడిచే టెక్నో ఉంది. దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి వచ్చిన గోమ్ అనే క్లబ్ సంగీతం విను, అందులో నాలుగు బీట్లకీ కిక్ కొట్టరు, విరిచి వదిలేస్తారు. డప్పుకి చోటు దొరుకుతుంది. వేగం కావాలంటే టాంజానియా దార్ ఎస్ సలామ్‌లో సింగేలి అనే డాన్స్ సంగీతం ఉంది, 200 దాటేస్తుంది. మన దగ్గర బోనాల్లో చివరి అరగంట ఆ వేగంలోనే ఉంటుంది కదా.

పాలపిట్ట
రీవైండ్ రాజు గారూ, కోసి అతికించడం గురించి. మీరు చెప్పిన షికాగో కుర్రాళ్లు కోసింది తమ అన్నలూ అక్కలూ పాడిన రికార్డుల్ని, పాడినవాళ్ల పేరు లేబుల్ మీదే ఉంది. ఇప్పుడు ఇది చూడండి.

సాలమన్ దీవుల్లో మలైటా అనే చోట బేగు తెగ ఆడమనిషి, పేరు అఫునాక్వా. 1970 ప్రాంతంలో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు ఆమె జోలపాటని రికార్డ్ చేశాడు. యునెస్కో వరుసలో ఎల్పీగా వచ్చింది. నాన్న పోయిన తమ్ముణ్ణి ఏడవొద్దని ఊరుకోబెట్టే పాట అది. 1992లో ఫ్రాన్స్‌లో డీప్ ఫారెస్ట్ అనే జంట దాన్ని తీసుకుని కింద డాన్స్ బీట్ పెట్టింది. ప్రపంచమంతా మోగింది, ప్రకటనల్లో వాడారు. ఆల్బమ్ మొత్తాన్ని మధ్య ఆఫ్రికా అడవుల పిగ్మీల సంగీతంగా చూపించారు. పసిఫిక్ సముద్రంలో ఉన్న మనిషి గొంతుని ఆఫ్రికా లెక్కలో వేశారు! తాను అలాంటి వాడకానికి ఒప్పుకోలేదని జెంప్ తర్వాత రాశాడు. అఫునాక్వా పేరు మాత్రం ఆ డాన్స్ ఫ్లోర్ల మీద ఎవరికీ తెలీదు.

తైవాన్‌లో ఇంకోటి. అమిస్ తెగకి చెందిన డిఫాంగ్, ఇగై అనే ముసలి దంపతుల పాటని ఎనిగ్మా అనే సంగీత బృందం తీసుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా అది వాడారు. వాళ్లు కేసు వేస్తే 1999లో రాజీ అయి పేరూ డబ్బూ దక్కాయి. బతికుండి, వెనకాల లాయర్లు నిలబడ్డారు కాబట్టి దక్కాయి.

మీ ట్రాక్‌లో ఉన్న డప్పు ఎవరు వాయించారో మీకు తెలుసా? నాకు కావాల్సింది ఈ ఒక్క ప్రశ్నకి జవాబు.

రీవైండ్_రాజు
డీప్ ఫారెస్ట్ విషయంలో మీతో వాదించను, అది అన్యాయమే. కానీ దాన్ని చూపించి శాంపిల్ చేసే ప్రతివాణ్ణీ దొంగ అనకండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద చేసుకునే కుర్రాడికి ఎనిమిది మందిని స్టూడియోకి పిలిచే డబ్బు ఉండదు. వాడి దగ్గర ఉన్నది శాంపిల్ ప్యాక్ ఒక్కటే. వాడు కూడా ఏదో ఊరివాడే కావచ్చు, వాళ్ల ఇంట్లోనే డప్పు ఉండొచ్చు.

కాపీరైట్_కృష్ణ
చట్టం ఏమంటుందో క్లుప్తంగా. జానపద దరువుకి రచయిత అంటూ ఉండడు కాబట్టి దరువు మీద కాపీరైట్ ఎవరికీ రాదు. కానీ ఒక రోజు ఒకాయన వాయించింది రికార్డ్ అయితే, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరు, వాయించినాయన హక్కు వేరు. మన కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శకుల హక్కు గురించే, 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో వ్యాపారానికి వాడితే రాయల్టీ రావాలన్నదీ, పేరు వేయమని అడిగే హక్కూ చేరాయి. "జానపదమే కదా, ఫ్రీ" అనే మాట పాటకి వర్తిస్తుందేమో కానీ వాయించిన మనిషికి వర్తించదు.

వాగు_ఒడ్డు
చట్టం ఉంది సరే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, పెద్ద హీరో సినిమా పాటకి ఆయన గొంతు వాడారు. 2024లో కూలి పనికి వెళ్తున్నారని వీడియోలు వచ్చాయి. దేశమంతా తెలిసిన మనిషి పరిస్థితే అది. రికార్డింగ్‌లో పేరు కూడా లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

సిర్ర_చిటికెన
రాజు గారు డప్పుని గుడిలో పెట్టారన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, అందుకే చెప్తున్నా. దేవుడి ఊరేగింపు ముందు వాయించినవాళ్లని గుడి లోపలికి రానివ్వని ఊళ్లు ఎన్నో. చావుకి పిలుస్తారు, చాటింపుకి పిలుస్తారు, పని అయ్యాక దూరంగా కూర్చోబెడతారు. మా నాన్న వాయించిన రోజుల్లో చాలాచోట్ల డబ్బు కూడా ఇచ్చేవాళ్లు కాదు, గింజలు కొలిచేవాళ్లు. చావుకి వాయించబోమని కొన్ని ఊళ్లలో మావాళ్లు డప్పు కింద పెట్టేశారు. తర్వాత అదే డప్పుని 1994లో మాదిగ దండోరా తలెత్తుకుని మోసింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద ముందు వరసలో నిలబడింది. ఆంధ్రలో ఇప్పుడు డప్పు కళాకారులకి పెన్షన్ కూడా ఇస్తున్నారు.

క్లబ్‌లో డప్పు మోగితే నాకు సంతోషమే. ముక్కలు చేయండి, వెనక్కి తిప్పండి, నాకేం బాధ లేదు, నేనూ వింటా. కానీ జూబ్లీహిల్స్‌లో మా నాన్నని లోపలికి రానివ్వని క్లబ్‌లో, ఆయన దెబ్బ మీద ఎవరో డాన్స్ చేస్తే నాకు వెంటనే గుర్తొచ్చేది ఆ గుడి గుమ్మమే. వాయించినవాళ్లు కూడా లోపల ఉండాలి, వేదిక మీద ఉండాలి. నేనడిగేది అంతే.

రీవైండ్_రాజు
సిర్ర అన్నా, దీని మీద నేను చెప్పగలిగింది ఏమీ లేదు. శాంపిల్ చేసే హక్కు మీద నా అభిప్రాయం నాకుంది, కానీ వేదిక మీద ఉండాలన్న మాటతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తా.

నల్గొండ_డీజే_సౌండ్స్
ఇంత పెద్ద చర్చలో మా ఊసే లేదు. క్లబ్బులు క్లబ్బులు అంటున్నారు. మాది ట్రాలీ మీద సెటప్. పెండ్లి బరాతు, బోనాలు, వినాయకుడి నిమజ్జనం. తెలంగాణ జానపదం డీజే పాట అనేది జూబ్లీహిల్స్‌లో పుట్టలే, మా ఊర్లల్ల పుట్టింది. యూట్యూబ్‌ల జానపదం పాట రిలీజైన రెండో రోజుకి మా మిక్స్ రెడీ ఉంటది. తీన్మార్ దరువు, కింద బేస్, మధ్యల మా సౌండ్స్ పేరు చెప్పే గొంతు. బరాతుల పెండ్లికొడుకు అమ్మమ్మ కూడా ఎగురుతది. బాబి అన్నకి జనం ఎగురుతలేరని బాధ. మా ముందటికి వచ్చి చూడు.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌ల మతపరమైన ఊరేగింపులకి డీజే బంద్ చేసినరు. అప్పుల మీద సెటప్ కొన్నోళ్లు చాలామంది ఉన్నరు, సీజన్ మొత్తం టెన్షన్‌లో పోయింది. సౌండ్ ఎక్కువైతే ముసలోళ్లకి, గుండె జబ్బు ఉన్నోళ్లకి ఇబ్బందే, ఒప్పుకుంటం. కానీ మా సౌండ్ న్యూసెన్స్, క్లబ్‌ల అదే పాట కల్చర్ అంటే మాత్రం మనసుకి కష్టమైతది.

లీసెస్టర్_లక్ష్మి
నల్గొండ తమ్ముడూ, నువ్వు చెప్పింది చదువుతుంటే కాంగో వాళ్ల కొనోనో నంబర్ వన్ గుర్తొచ్చింది. కిన్షాసా వీధుల రొదలో వాళ్ల లికెంబే, అంటే బొటనవేళ్లతో మీటే ఇనుప రేకుల వాద్యం, వినపడేది కాదు. పాత కారు సామాన్లలోంచి అయస్కాంతాలు తీసి మైకులు చేసుకున్నారు, ఆంప్లిఫయర్లు కట్టారు. శబ్దం పగిలి బరబరలాడుతూ వచ్చింది, అదే వాళ్ల గుర్తయింది. 2004లో వాళ్ల ఆల్బమ్ వస్తే యూరప్ టెక్నో వాళ్లు ఎగబడ్డారు. వాళ్లు టెక్నో చేద్దామని చేయలేదు, వీధిలో వినపడాలని చేశారు. మీ ట్రాలీ కూడా అంతే కదా.

నల్గొండ_డీజే_సౌండ్స్
అక్కా మస్తు మంచి మాట చెప్పినవ్. ఇప్పుడే వెతికి విన్న. ఆ బరబర మా పాత ఆంప్లిఫయర్ లెక్కనే ఉన్నది 🔥

సిర్ర_చిటికెన
నల్గొండ తమ్మి, ఒక్క మాట. డీజే వచ్చినప్పటి నుంచి పెళ్లిళ్లకి మా బృందాన్ని పిలవడం తగ్గింది. ఎనిమిది మంది కూలీ ఇచ్చే బదులు ఒక ట్రాలీ చాలంటున్నారు. మీ స్పీకర్లో మోగేది మా దరువే. కోపంతో అనట్లేదు, లెక్క చెప్తున్నా.

నల్గొండ_డీజే_సౌండ్స్
నిజమే అన్నా. మా దగ్గర కొందరు డీజే, డప్పు రెండూ కలిపి ప్యాకేజీ పెడుతున్నరు. ట్రాలీ ముందట డప్పోళ్లు వాయిస్తరు, మేము కింద బేస్ ఒక్కటే ఇస్తం. ఆ బరాతులకే జనం ఎక్కువ నిలబడుతున్నరు. రేటు కొంచెం ఎక్కువైతది, ఇచ్చేటోళ్లు ఇస్తున్నరు.

మిక్స్_మాధవి
బాబీ, పై పోస్ట్ ఇంకోసారి చదువు. "మేము కింద బేస్ ఒక్కటే ఇస్తం." నేను మూడు పేరాలు రాసింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

ఏసీగార్డ్స్_అఫ్సర్
తీన్మార్ మాట వచ్చింది కాబట్టి మర్ఫా గురించి కూడా రాయాలి. నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉండేవాళ్లు, ఆ రెజిమెంట్ ఉన్న చోటే ఈరోజు ఏసీ గార్డ్స్ బస్తీ. 1948లో హైదరాబాద్ విలీనం తర్వాత రెజిమెంట్ పోయింది, కుటుంబాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. సిద్దీల, అంటే ఆ ఆఫ్రికా మూలాల వాళ్ల డోలు, డఫ్, స్టీలు బిందె, కర్ర, బార్కస్‌లోని యెమెన్ అరబ్బుల పాట, అన్నీ కలిసి మర్ఫా. ముస్లింల పెళ్లి, హిందువుల పెళ్లి, ఎన్నికల గెలుపు, దేనికైనా మోగుతుంది. హైదరాబాద్ వీధి డాన్స్‌లో ఆఫ్రికా, అరేబియా, దక్కన్ ఎప్పుడో కలిసిపోయాయి, ఎవరూ దాన్ని ఫ్యూజన్ అనలేదు. మొన్న ఒక ప్యాక్‌లో మా బిందె దెబ్బని అరబిక్ పర్కషన్ అని పెట్టారు. వింటే అది మా గల్లీ అని నాకు తెలిసిపోయింది.

గోడమీద_పిల్లి
బిందె మీద వాయిస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి కేక పెట్టేది. అఫ్సర్ భాయ్, మీ ఇంట్లో ఆ బాధ లేదన్నమాట.

ఏసీగార్డ్స్_అఫ్సర్
మా అమ్మే తాళం వేసేది 😄

ఒట్టావా_ఓబులేసు
ఆలస్యంగా చూశా. సిర్ర గారు వేదిక మీద ఉండాలన్నారు కదా, ఇక్కడ కెనడాలో అది చేసి చూపించారు. ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్ అని ఆదివాసీ డీజేలు, ఇప్పుడు హలూసీ నేషన్ అనే పేరుతో ఉన్నారు. ఒట్టావాలో ఎలక్ట్రిక్ పౌవౌ అని క్లబ్ నైట్ పెట్టారు. ఊళ్ల నుంచి నగరానికి చదువుకోడానికొచ్చిన ఆదివాసీ పిల్లలు ఒకచోట కలవాలన్నది ఆలోచన. పౌవౌ అనే ఆదివాసీ వేడుకలో ఒకే పెద్ద డ్రమ్ చుట్టూ కూర్చుని కొడుతూ పాడే బృందాలుంటాయి, ఆ గొంతుల కింద వీళ్లు డబ్‌స్టెప్ అనే క్లబ్ సంగీతపు బేస్ పెట్టారు. బయటివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు, కొందరు ఈకల తలపాగాలు, ముఖానికి రంగులు వేసుకొచ్చారు. డీజేలు బహిరంగంగా చెప్పారు, అలా రావద్దని. రావొద్దనలేదు, వేషాలు వద్దన్నారు. 2014లో వాళ్లకి ఇక్కడి పెద్ద సంగీత పురస్కారం జూనో అవార్డు వచ్చింది. డ్రమ్ తమది, క్లబ్ నైట్ తమది, నియమాలూ తమవే. హైదరాబాద్‌లో డప్పు కుటుంబాల పిల్లలే నడిపే క్లబ్ నైట్ ఒకటి ఎందుకు ఉండకూడదు?

వాగు_ఒడ్డు
ఉండాలి. లైసెన్స్, హాలు అద్దె అడ్డం వస్తాయి. లక్ష్మి గారు చెప్పిన మధ్యాహ్నం పద్ధతి మనకీ పనికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాళ్లు ముహూర్తం లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. రాత్రి పదింటి రూలు గొడవ ఉండదు, మందు ఉండదు, ఇంటిల్లిపాదీ రావొచ్చు.

నల్గొండ_డీజే_సౌండ్స్
హాలు దొరికితే సెటప్ నాది. డీజిల్ ఖర్చు ఇస్తే చాలు.

బేస్_బాబి
ఇదంతా చదివాక ప్లాన్ మార్చా. శాంపిల్స్ తీసి మళ్లీ బెంగళూరు వచ్చి ముక్కలు చేసే పద్ధతి వద్దు. బృందం వాయిస్తుంటే నేను పక్కనే కూర్చుని లైవ్‌లో బేస్ ఇస్తా, వాళ్ల వేగానికే. అందరి పేర్లూ ట్రాక్ మీద ఉంటాయి. ఆ రోజు కూలీ వేరు, ట్రాక్ మీద వచ్చేదాంట్లో సగం బృందానికి. కృష్ణ గారూ, దీనికి తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసిపెట్టగలరా? సిర్ర అన్నా, మైకులు, డేట్ సంగతి మీరు చెప్పాలి.

కాపీరైట్_కృష్ణ
రాసి పంపుతా. ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉండాలి. తర్వాత సినిమాకో ప్రకటనకో అడిగితే బృందం ఒప్పుకోకుండా ఇవ్వకూడదనే వాక్యం తప్పకుండా పెడతా. ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే.

సిర్ర_చిటికెన
సగం అన్నావు, బాగుంది. పెద్దమనిషితో ఒక్కడితో మాట్లాడి వదిలేయకు, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించు.

స్టూడియోలో వద్దు, మంట వేసుకోనివ్వరు. ఊరి బయట మామిడితోటలో పెట్టు, చెట్లుంటే శబ్దం తిరిగి కొట్టదు. ప్రతి మనిషికీ మైకు అక్కర్లేదు. మావాళ్లు నిలబడే గుండ్రానికి బయట రెండు పెట్టు. ముందు వాయించేవాడి చిటికెన దగ్గర ఒకటి పెట్టు. మొదటి పావుగంట రికార్డ్ చేసినా వాడకు, చేతులు వేడెక్కాలి. మధ్యలో డప్పులు కాపడానికి ఆపితే నువ్వు మాత్రం ఆపకు, అప్పుడు మావాళ్లు చట్రం మీద వేళ్లతో వాయించుకుంటూ పాడతారు.

వచ్చే నెల మాత్రం కుదరదు. ఆషాఢం, బోనాలు, ఒక్కరు కూడా దొరకరు. శ్రావణంలో పెళ్లిళ్లు, తర్వాత వినాయక చవితి. పితృపక్షాల్లో రా, అప్పుడు ముహూర్తాలుండవు. అమావాస్యకి బతుకమ్మ మొదలయ్యేలోపు పని పూర్తి చేసుకోవాలి.

బేస్_బాబి
పితృపక్షాల్లోనే వస్తా అన్నా. నంబర్ మెసేజ్‌లో పెడుతున్నా.

మిక్స్_మాధవి
నేనూ వస్తా. చిటికెన దగ్గర పెట్టే మైకు నా దగ్గరుంది.